తీర్థంలో పాకా, రోడ్డవతల అరుగా?

ఈ రోజు మధ్యాహ్నం రాజోలు దగ్గర తీర్థానికి, అదే జాతరకి, వచ్చాం. రేకుపెట్టె దించకముందే సమస్య మొదలైంది. ఈ రెండు రోజులూ తీర్థం లోపల ఉండాలా, బయటా?

రంగులరాట్నం యజమాని తన తాటాకు పాక చూపించాడు.

“లోపలుంటేనే సరదా అండి. గుమ్మం దిగితే రాట్నమే!”

అంతలా నవ్వుతూ చెప్పేవాళ్లను నేను నమ్మను.

రోడ్డవతల ఇంటావిడ తన అరుగు ఇస్తానంది. “లోపల ఆ మైకుసెట్టు గోలకి కునుకు పడుతుందేంటండీ? ఇక్కడ చల్లగా పడుకోండి.” అడక్కుండానే మంచినీళ్లు కూడా ఇచ్చింది. దాంతో ఆవిడ మీదా అనుమానం వచ్చింది. కాని మా ఆవిడ అప్పటికే చాప పరిచేసింది.

పొద్దుగూకే వేళకి ఇంటావిడ దిండ్లు చంకన పెట్టుకుని పిల్లలతో తీర్థంలోకి బయలుదేరింది. ఎక్కడికని అడిగాను.

“ఆ రాట్నమాయన పాకలోకండి. తీర్థం జరుగుతుంటే ఇంట్లో ఎవరు పడుకుంటారండీ?”

ఆవిడ అటు వెళ్లిందో లేదో, రాట్నం తమ్ముడికి అప్పజెప్పి ఆ యజమాని దుప్పటితో మా అరుగెక్కాడు.

“కాస్త జరగండి బాబూ. లోపల ఆ గోలకి నిద్ర పట్టదండి.”

అతని పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. అయినా మోసపోయినట్టే ఉంది. ఎవరి చేతిలోనో మీకేమైనా తెలిస్తే చెప్పండి.