తొమ్మిది వందలని చెప్పిన చీర

మా వీధిలో జాకెట్లు కుట్టే అక్క నా జాకెట్టును తిరగేసి, లోపలి కుట్ల మీద వేలు పెట్టి చూపించింది.

"ఇంక దీంట్లో ఇప్పటానికి ఏం లేదు టీచరమ్మా. నాలుగేళ్ళ నుంచి ఇప్పుతానే ఉన్నా. లోపల గుడ్డ ఉంటే గదా వదలటానికి? ఈసారి నువ్వన్నా తగ్గు, కొత్తదన్నా కొనుక్కో."

తగ్గడం నా వల్ల అయ్యే పని కాదని మా ఇద్దరికీ తెలుసు. ఆమె మర్యాదకు రెండు దారులు చూపించిందంతే.

మాది దాచేపల్లి. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాటా దగ్గర పని చేస్తారు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మాకొక్కతే కూతురు, ఇంటర్ చదువుతోంది. అప్పటికి నాకు స్కూలుకు కట్టే చీరలు ఆరు ఉండేవి, వారానికి సరిగ్గా సరిపోయేవి. ఒక బుధవారం ఆకుపచ్చది ఆరలేదని గురువారానిది కట్టుకెళ్తే, ఆరో తరగతి పిల్ల ఒకతి గురువారం పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టుకుంది.

జాకెట్టు వెనక్కి తెచ్చుకున్న సాయంత్రమే నిర్ణయించుకున్నాను. జీతం పడ్డ రోజున ఏడు వందలు నా పాత బ్యాంకు ఖాతాలోకి పంపేయాలి. అవి నా బట్టలకే. వాటితో ఇంట్లోకి ఆవగింజ కూడా కొనకూడదు. ఈ మాట నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను. వినేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి చాలా గట్టిగానే చెప్పుకున్నాను.

రెండో నెల మిక్సీ జారు పగిలింది. తొమ్మిది వందలు. మళ్ళీ వేసేద్దాంలే అనుకుని తీశాను. నాలుగో నెల అమ్మాయి రికార్డు పుస్తకాలకు ఏడు వందలు. లాభనష్టాలు, వడ్డీ లెక్కలు పిల్లల చెవుల్లో పోసే టీచర్ని, నాకు నేనే అప్పిచ్చుకుని, నాకు నేనే ఎగ్గొట్టాను. ఆరు నెలలయ్యేసరికి నాలుగు వేల రెండొందలు ఉండాల్సిన చోట రెండు వేల ఆరొందలు ఉన్నాయి. ఇంకో నెల ఆగితే గ్యాస్ స్టవ్ బర్నర్ పోతుందని భయం వేసి, ఆ ఆదివారమే నరసరావుపేట బస్సెక్కాను.

కొన్నది మంగళగిరి చీర. వంకాయ రంగు, సన్నటి జరీ అంచు. రెండు వేల రెండొందలు. షాపులో దాన్ని భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటే, ఎవరో కాస్త పద్ధతిగా బతుకుతున్న మనిషి కనిపించింది. డబ్బు నాది, జీతం నాది, అవసరం నాది. అయినా తిరుగు ప్రయాణంలో పిడుగురాళ్ళ దాటగానే నాకు చెమట పట్టింది. ధర అడిగితే ఏం చెప్పాలి? వెయ్యి అంటే గుండ్రంగా ఉంది, నమ్మరు. తొమ్మిది వందలు బాగుంది. నేను దిగి ఇంట్లోకి అడుగుపెట్టేసరికి ఆ చీర ధర తొమ్మిది వందలైపోయింది.

"ఎంతే?" అన్నారాయన, చీర వైపు ఒకసారి చూసి.

"తొమ్మిది వందలండీ. బేరం చేశాను."

"చానా బాగుంది," అన్నారు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఆయనకు ఒక చెల్లెలు. మాచర్లలో ఉంటుంది. అన్నాచెల్లెళ్ళు ఆదివారం ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటారు. తర్వాతి వారం నేను వంటింట్లో ఉండగా ఈయన గొంతు వినిపించింది. "మీ వదిన బేరమాడితే మామూలుగా ఉండదమ్మాయ్! మంగళగిరి చీర తొమ్మిది వందలకే లాక్కొచ్చింది!" ఆయన నన్ను అంత గొప్పగా పొగడడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

పది నిమిషాల్లో ఆడపడుచు నాకు ఫోన్ చేసింది. "వదినా, అట్టాంటియే మూడు తియ్యి. నాకొకటి, మా అత్తకొకటి, మా తోటికోడలికొకటి. డబ్బులు ఇప్పుడే కొట్టేస్తన్నా." నేను నోరు తెరిచేలోపే ఫోన్లో రెండు వేల ఏడొందలు పడ్డాయి.

ఒక్కో చీరకు పదమూడు వందల తేడా. మూడింటికి మూడు వేల తొమ్మిది వందలు. నా ఖాతాలో ఉన్నది నాలుగొందలు. ఈ లెక్క మాత్రం కాగితం లేకుండానే వచ్చింది.

రెండు రోజులు తప్పించుకు తిరిగి, మూడో రోజు ఆమెకు మెసేజ్ పెట్టాను: స్టాకు అయిపోయిందంట. వెంటనే జవాబు వచ్చింది. "పర్లేదు వదినా. ఆదివారం నేనే వస్తా. ఇద్దరం పోయి ఆ షాపాయన్నే అడుగుదాం. నువ్వుంటే ఇస్తాడు."

ఆదివారం పొద్దున్నే మాచర్ల బస్సు దిగింది. ఇంట్లో కాఫీ తాగి ఇద్దరం నరసరావుపేట బయల్దేరాం. దారంతా ఆమె కబుర్లు చెబుతోంది, నేను ఊ కొడుతూ బస్సు ఎక్కడైనా ఆగిపోతుందేమోనని చూస్తున్నాను. పాత బస్సే, పెద్ద శబ్దం చేస్తూనే ఉంది, కానీ ఆ రోజు దానికి ఏ రోగమూ రాలేదు. టైముకంటే ముందే దింపింది.

షాపు మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ ఇక లాభం లేదనుకున్నాను.

"అమ్మాయ్, ఒక్క మాట. ఆ చీర తొమ్మిది వందలు కాదు."

"ఎంత మరి?"

"రెండు వేల రెండొందలు. మీ అన్నయ్యకు అబద్ధం చెప్పా."

ఆమె నా ముఖంలోకి చూసింది. నా గౌరవం ఇంతటితో సరి అనుకున్నాను. ఆమె మాత్రం నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, జనం ఎక్కే దారిలోనే మెట్టు మీద కూలబడింది. ఎవరో పెద్దావిడ "పక్కకు కూర్చోమ్మా" అని కసిరి లోపలికి వెళ్ళింది.

"వదినా, నేనొకటి చెప్తా, తిట్టవు గదా?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మా ఇంట్లో నా మంచి చీరలన్నీ నువ్వు పెట్టినయ్యే."

"నేనేం పెట్టానే?"

"కుట్టుమిషను డబ్బులతో కొనుక్కుంటా. ఇంట్లో మాత్రం మా వదిన పెట్టిందని చెప్తా. పుట్టింటి చీరంటే మా అత్త ఎంతని అడగదు. ఆరేళ్ళ నుంచీ ఇంతే."

నాకు ఒక్కొక్కటే వెలిగింది. నేను మాచర్ల వెళ్ళినప్పుడల్లా వాళ్ళ అత్తగారు నాకు ఎదురొచ్చి చేయి పట్టుకునేది. "నీ చెయ్యి చానా పెద్దదమ్మా" అని నలుగురిలో అనేది. వద్దంటున్నా నాటుకోడి కూర మళ్ళీ మళ్ళీ వడ్డించేది. ఇదంతా నా మాట తీరు చూసి, నా చదువు చూసి చేస్తున్న మర్యాద అనుకుని, తిరిగొచ్చాక ఆయనకు రెండు రోజులపాటు చెప్పేదాన్ని కూడా. తీరా చూస్తే, నేను కొనని చీరలకు కూర తిన్నాను.

"ఎన్ని పెట్టాను ఇప్పటిదాకా?" అనడిగాను.

"పదకొండు."

నాకోసం ఆరు నెలల్లో ఒక్క చీర కొనడానికి ప్రాణం పోయింది. ఈమెకు మాత్రం పదకొండు పెట్టానట.

లోపలికి వెళ్ళాం. అత్తగారికీ తోటికోడలికీ ఆ రెండు వేల ఏడొందల్లోనే రెండు మంచి నేత చీరలు తీసింది. తనకు కావలసిన మంగళగిరి చీరకు పర్సులోంచి సొంత డబ్బు ఇచ్చింది. బిల్లు చేతిలోకి రాగానే నా వైపు చూసి, "ఇది పన్నెండోది" అంది.

"వద్దు. ఈసారి నువ్వే కొనుక్కున్నావని చెప్పు."

"ముందు నువ్వు అన్నయ్యకు చెప్పు, నేనూ చెప్తా."

బస్టాండులో చెరకురసం తాగుతూ ఆ ఒప్పందం చేసుకున్నాం. ఆమె మాచర్ల బస్సెక్కింది. నేను దాచేపల్లి చేరేసరికి ఆయన డ్యూటీ నుంచి వచ్చి, పెరటి పంపు దగ్గర చేతుల మీది సిమెంటు దుమ్ము కడుక్కుంటున్నారు. వీపు నా వైపుంది కాబట్టి చెప్పడం తేలికనిపించింది.

"ఏమండీ, ఆ వంకాయ రంగు చీర తొమ్మిది వందలు కాదు. రెండు వేల రెండొందలు."

పంపు కట్టేసి వెనక్కి తిరిగారు. "మరి తొమ్మిది వందలని ఎందుకు చెప్పావే?"

"మీరు ఏమంటారోనని."

"నేనెప్పుడన్నా ఏమన్నా అన్నానా?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగారు. జవాబు కోసం ఇరవై ఏళ్ళు వెనక్కి వెతికాను. ఒక్క మాట దొరికితే బాగుండు, దాన్ని పట్టుకుని పోట్లాడొచ్చు అనుకున్నాను. దొరకలేదు. చీర ధర గురించి ఈ మనిషి ఏనాడూ ఏమీ అనలేదు. మా అమ్మ అనేది. అదీ నన్ను కాదు, తనను తాను. ఎవరు ఏం కొనిపెడతామన్నా "నాకెందుకే ఇప్పుడు, ఉన్నయ్యిగా" అనేది. ఆ మాట ఆమె నాకు నేర్పలేదు, నేనే పక్కన కూర్చుని నేర్చుకున్నాను. పైగా, నా వెనకాల ఇంట్లో నా కూతురు కూర్చుని ఈ మాటలన్నీ వింటోందన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

"ఏమీ అనలేదు," అని ఒప్పుకున్నాను.

"మా చెల్లి ముందు నా పరువు తీశావు గదే," అన్నారు తువ్వాలు అందుకుంటూ. ఆయన బాధంతా అదే. తన భార్య బేరగత్తె అన్న పేరు ఒక్క వారంలో పోయింది.

ఆ నెల నుంచి వంటింటి క్యాలెండర్లో పాలు, గ్యాస్, కరెంటు పక్కనే "అమ్మ బట్టలు 700" అని రాశాను. నిజానికి నేను "ఇతరం" అని రాశాను. మా అమ్మాయి దాన్ని కొట్టేసి పెద్ద అక్షరాలతో సరిచేసింది. మిక్సీ జార్ల ఖర్చుకు కింద వేరే వరుస గీసింది.

పది రోజుల తర్వాత ఆడపడుచు ఫోన్ చేసింది.

"చెప్పేశా వదినా. పన్నెండూ చెప్పేశా."

"ఏమన్నారు?"

"మా ఆయన నవ్వాడు. మా అత్త మూడు రోజులు మాట్లాడలా. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి, ఆ షాపు నరసరావుపేటలో ఎక్కడుందే అనడిగింది."

తర్వాతి నెల నేను రెండు నైటీలు కొన్నాను. ఆయన టీవీలో క్రికెట్ చూస్తున్నారు. ఎదురుగా నిలబడి, అడక్కముందే, "ఒక్కోటి మూడు వందల యాభై" అని ప్రకటించాను. గొంతు కొంచెం వణికింది, కానీ అంకె మారలేదు.

"సరేలే, కాస్త జరుగు," అన్నారాయన. "స్కోరు కనపడట్లా."