బెల్లం పూసిన అద్దం

ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, కారు దిగిన వాళ్లకు మర్యాద వీధిలోనే మొదలయ్యేది. ఆ మర్యాద కోసమే, బాపట్లలో ఉద్యోగం చేసే మా బావమరిది తన పెళ్లిచూపులకు రేపల్లె తీసుకెళ్లమని తెనాలిలో ఉన్న నన్ను అడిగాడు. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయి దిగులుగా ఉన్నాడు. నాది నాకంటే కాస్త చిన్న కారు (వయసులో). దాని కుడివైపు అద్దం వదులై, గతుకు తగిలినప్పుడల్లా తల వంచి నేలను చూపించేది.

మెకానిక్ దాన్ని అటూ ఇటూ ఊపి, "ఈ మోడల్‌కి అద్దం తెప్పించాలంటే వారం పడుతుందండి," అన్నాడు. ప్రయాణం మర్నాడే. అప్పుడు పెళ్లిచూపుల కోసం మా ఇంటికొచ్చి ఉన్న మా అత్తగారు అందుకున్నారు. "సున్నం, బెల్లం కలిపి పెట్టండి అల్లుడుగారూ. మా నాన్నగారు చిల్లిపడ్డ నీళ్ల గాబుకి అదే పెట్టారు. ఇప్పటికీ చుక్క కారదు." ఏ పనైనా పద్ధతిగా చేయడం నా అలవాటు. బెల్లం మెత్తగా నూరి, సున్నం కలిపి, అద్దం మొదలు దగ్గర దట్టంగా మెత్తి, గుడ్డ చుట్టి ఆరబెట్టాను. 'అద్దం రాయిలా ఉంది' అని డైరీలో రాసుకున్నాను కూడా.

నిజంగానే రేపల్లె దాకా అది కదల్లేదు (చీమలు మాత్రం మాతోపాటే వచ్చాయి). అమ్మాయి వాళ్ల ఇంటి ముందు కారు ఆపి, అందరూ చూసేలా నిదానంగా దిగాను. లోపల కాఫీలయ్యాయి. అమ్మాయి వచ్చి కూర్చుంది. మావాడు తలెత్తడు, ఆమె నోరు విప్పదు. మూడోదీ పోయినట్టేనని మా అత్తగారు నావైపు చూశారు. "కారు మీదేనాండి?" అని అమ్మాయి వాళ్ల నాన్నగారు అడిగారు. "మాదేనండి, మంచి కండిషన్‌లో ఉంది," అంటుండగానే బయట కర్రుమని చప్పుడైంది. వాళ్ల గేదె తాడు సాగినంత మేర వచ్చి, బెల్లాన్ని శ్రద్ధగా నాకుతోంది. మేం గుమ్మం దాటేలోగా అద్దం ఊడి గడ్డిలో పడింది.

అమ్మాయి గబగబా వెళ్లి అద్దం తీసి, చెంగుతో తుడిచి మావాడికి అందించింది. "పొద్దున దానికి తవుడు పెట్టలేదండి. ఏమీ అనుకోకండి."

మావాడు మొదటిసారి తలెత్తాడు. "తిననివ్వండి. అటుపక్క ఇంకో అద్దం ఉంది."

ఆమె పకపకా నవ్వింది. సంబంధం అక్కడే కుదిరింది. తిరుగు ప్రయాణంలో మా అత్తగారు కిటికీలోంచి తల బయటపెట్టి, "వెనకాల లారీ అల్లుడుగారూ, పోనివ్వండి పాపం," అంటూ అద్దం పని తానే చేశారు.

తర్వాత కొత్త అద్దం వచ్చింది. పాతది మాత్రం మావాడితో బాపట్ల వెళ్లి అక్కడే ఉండిపోయింది. మా బావమరిది ఇప్పటికీ దాంట్లో చూసుకునే గడ్డం గీసుకుంటాడు. మొన్న వెళ్లినప్పుడు నేనూ చూసుకున్నాను. నెరిసిన మీసాల పెద్దమనిషి ఒకాయన కనిపించాడు. అంచున సున్నం ఇంకా అంటుకునే ఉంది. ఎవరూ చూడకుండా గోటితో గీకి చూశాను. రాయిలాగే ఉంది.