నా మాట చెల్లని ఎముకలు

మానవశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, రెండేళ్లు ఎముకలతోనే కుస్తీ పట్టి, చివరికి భద్రాచలం వైపు ఒక దవాఖానాలో కాంట్రాక్టు మీద రికార్డు క్లర్కుగా చేరాను. నా చదువు సంగతి అక్కడి డాక్టరమ్మకు ఒక్కరికే తెలుసు. అడవిలో ఎప్పుడైనా ఎముకలు దొరికితే నన్ను పిలిచి చూపించేవారు. నేను చెప్పింది శ్రద్ధగా వినేవారు. నా పేరు మాత్రం ఏ కాగితం మీదకూ ఎక్కేది కాదు.

కిందటి వానాకాలం చర్ల అవతలి నుంచి పోలీసులు ఒక యూరియా బస్తాలో ఎముకల మూట తెచ్చారు. వెంట ఒకామె వచ్చింది. వేసవిలో తునికాకు కోతకు పోయిన ఆమె భర్త తిరిగి రాలేదు. వెతగ్గా వెతగ్గా వాగు ఒడ్డున ఈ ఎముకలు ఆమెకే కనబడ్డాయి. పసుపునీళ్లతో కడిగి, కొత్త పంచెలో మూటగట్టుకుంది. చనిపోయినవాళ్ల బట్టలు ఊళ్లోకి తేకూడదని చొక్కా పీలికలను వాగులో వదిలేసింది. పోలీసులు ఆనవాలు పట్టడానికి ఉన్న ఒక్క ఆధారమూ అలా కొట్టుకుపోయింది.

బల్ల మీద పరిచి చూశాను. ఎడమ ముంజేతి ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఆ సంగతి ఆమెకు చెప్పకుండా, "మీ ఆయనకు ఎప్పుడన్నా దెబ్బ తగిలిందా అమ్మా?" అని అడిగాను.

"అవ్ సారూ. ఇప్పచెట్టు మీదికెళ్లి పడి ఎడమ చెయ్యి ఇరిగింది. వెదురు బద్దలు కట్టించినం. వంకరగనే అతికింది."

పరుగున లోపలికెళ్లి చెప్పాను. డాక్టరమ్మ వచ్చి ఆ ఎముకను తిప్పి తిప్పి చూశారు.

"నువ్వు చెప్పింది కరెక్టే కావచ్చు. కానీ నేను పక్కాగా రాయలేను, నాది ఉట్టి ఎంబీబీఎస్. నీకేమో ఫోరెన్సిక్ ట్రైనింగే లేదు. రేపు కోర్టులో వకీలు ముందు అదే అడుగుతడు. హైదరాబాద్ ల్యాబుకు పంపుదాం."

కోపమొచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. ఆ నిబంధన తప్పని కూడా అనలేను. నాలాంటి ప్రతివాడూ సంతకం పెడితే ఎవరి ఎముకలు ఎవరింటికి పోతాయో.

"ఎన్నొద్దులు పడతది సారూ?" అని ఆమె అడిగింది.

"నెలలు పట్టొచ్చు."

"మట్టిల పెట్టందే దినం చెయ్యరాదు. పోనీ, ఒక్క ఏలి బొక్కన్నా ఇయ్యి."

ఆ ఒక్క వేలి ఎముక కూడా ఇవ్వలేకపోయాను. చేతగానితనం అంటే ఏమిటో నాకు ఆరోజే తెలిసింది.

ల్యాబుకు పంపే పెట్టెకు సీలు వేసేముందు చీటీ రాసి అంటించడం క్లర్కుగా నా పనే. ఆమె వచ్చి పక్కన నిలబడింది. ఆమెకు చదువు రాదు. "గుర్తు తెలియని పురుషుడు" అని రాశాను.

ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "గిది మా ఆయన పేరే గదా సారూ?" అంది.

"అవ్" అన్నాను.