సోమవారాల్లో వేడెక్కే ఇల్లు

కెనడాలోని ఒషావాలో మేం నలుగురు ఆడపిల్లలం అద్దెకు దిగిన ఇల్లు మా అందరి వయసులూ కలిపినా అంతకంటే పెద్దది. ప్రతి గదిలో కిటికీ కింద ఒక ఇనుప రేడియేటర్ ఉండేది. పక్కటెముకల్లా వరసగా గొట్టాలు, వాటిమీద ఎన్నిసార్లు వేశారో తెలియని వెండిరంగు. బేస్‌మెంట్‌లో బాయిలర్ నీళ్ళు కాచి పైపుల్లోకి పంపుతుంది. ఆ నీళ్ళు ఒక్కో రేడియేటర్‌లో తిరిగి, గదిని వెచ్చబరిచి, చల్లారి మళ్ళీ కిందికి చేరతాయి. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. దిగిన మొదటి వారమే పైపులను తడుముకుంటూ పై అంతస్తు నుంచి బేస్‌మెంట్ దాకా నడిచి నేనే కనుక్కున్నాను. మా ఊళ్ళో మెకానికల్ డిప్లొమా చేసి, ఇక్కడికొచ్చి సప్లై చెయిన్ చదువుతుండేదాన్ని. ఏదో ఒకటి విప్పి చూడకపోతే నాకు చేతులు ఊరుకోవు.

ఆ రోజుల్లో కాలేజీ బస్సెక్కితే వెనక సీట్లలో కరీంనగర్, ముందు సీట్లలో భీమవరం. గది కాదు, గదిలో సగం దొరికితేనే ఇంటికి ఫోన్ చేసి శుభవార్త చెప్పేవాళ్ళం. మా ఇంటి ఓనర్‌ది గుంటూరు వైపు. రిచ్‌మండ్ హిల్‌లో ఉంటూ ఐటీ ఉద్యోగం చేసేవారు. అంకుల్ అని పిలిచేవాళ్ళం. మంచి మనిషి. వంటింట్లో గట్టు చాలడం లేదని అనగానే, భోజనాల గదిలో ప్లగ్ ఉన్న గోడకు ఒక చెక్క షెల్ఫ్ కొట్టించారు. మా రైస్ కుక్కర్ అక్కడికి మారింది.

వంట అక్క చేసేది. కరీంనగర్ నుంచి వచ్చింది, మాలో పెద్దది. పొద్దున్నే అన్నం వండి కుక్కర్‌ను వార్మ్‌లో ఉంచేది. ఒక్కొక్కరిదీ ఒక్కో క్లాసు, ఒక్కో షిఫ్టు. ఎవరెప్పుడొచ్చినా అన్నం వేడిగా ఉండాలని ఆమె పట్టుదల. అందరికంటే చివర వచ్చేది నేనే. కాఫీ షాపులో షిఫ్టు ముగించుకుని వచ్చి మూత తీస్తే ఆవిరి ముఖానికి తగిలేది. ఆ ఒక్క క్షణం కోసమే ఇంటికి వస్తున్నానా అనిపించేది.

దీపావళి వెళ్ళి చలి ముదిరాక పై గదులు వెచ్చబడటం మానేశాయి. అందరిలోకి ఎక్కువ కష్టం అక్కది. ఆమెది ఉత్తరపు మూల గది, రెండువైపులా బయటి గోడలే. స్వెట్టర్ మీద స్వెట్టర్, పైన మంకీ క్యాప్ వేసుకుని చదివేది. అంకుల్‌కు చెబితే ప్లంబర్‌ని పంపుతానన్నారు. నాకు సెలవు సోమవారమే కనుక ఆ రోజు రమ్మన్నాం.

ప్లంబర్ ముసలాయన. నేను పక్కనే నిలబడి ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్నా విసుక్కోలేదు. రేడియేటర్ చివర ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దానికొక బుల్లి తాళంచెవి. కింద కప్పు పట్టుకుని తిప్పితే మొదట బుస్సుమని గాలి వచ్చింది, తర్వాత తుప్పు వాసనతో నల్లటి నీళ్ళు. పైన గాలి చేరితే నీళ్ళు నిండవని, ఏటా చలికాలానికి ముందే ఇలా వదిలించాలని చెప్పాడు. ఒకదానికి నాచేతే తిప్పించాడు. ఆ సంబరం ఇప్పటికీ గుర్తుంది. గదులన్నీ వేడి అందుకున్నాయి. ఈ ఇనుము తనకంటే ఎక్కువ కాలం బతుకుతుందని నవ్వి, తాళంచెవి నాకే ఇచ్చి వెళ్ళాడు.

మంగళవారానికి మళ్ళీ మామూలే. తాళంచెవి తిప్పి చూస్తే గాలి లేదు, నీళ్ళే వచ్చాయి. మరుసటి సోమవారం ఆయన్ని మళ్ళీ రప్పించాం. ఆయన వచ్చేసరికి రేడియేటర్లన్నీ చెయ్యి పెట్టనివ్వనంత వేడిగా ఉన్నాయి. నావంక అదోలా చూసి వెళ్ళిపోయాడు.

అంకుల్‌కు ఓపిక నశించింది.

"అమ్మా, ప్లంబరేమో పర్ఫెక్ట్‌గా ఉన్నాయంటాడు, మీరేమో చల్లగా ఉందంటారు. ఎవరి మాట నమ్మమంటారు నన్ను? మొత్తం పీకించేసి ఎలక్ట్రిక్ హీటర్లు పెట్టించేస్తా. డిసెంబర్ ఫస్ట్‌కి పని స్టార్ట్ చేస్తారు. ఒక నెల మీరు ఎక్కడైనా అడ్జస్ట్ అవ్వాలి" అన్నారు ఫోన్‌లో.

మిగతా ఇద్దరికీ బంధువులున్నారు. కాఫీ షాపులో నాతో పనిచేసే అమ్మాయి తన గదిలో పరుపు వేసుకోమంది. అక్కకు ఎవరూ లేరు. పరీక్షలు కూడా అదే నెలలో. ఆమె సూట్‌కేసు దించి మంచం పక్కన పెట్టుకుంది. తీరిక దొరికితే చాలు, ఫోన్‌లో గదుల కోసం వెతికేది. ఖాళీ ఉందని ఎవరైనా పెడితే, ఆమె మెసేజ్ కొట్టేలోపు అది నిండిపోయేది. తెరిచి ఉన్న ఆ సూట్‌కేసును చూస్తే నాకు దడగా ఉండేది.

అందుకే దీని సంగతేమిటో తేల్చాలని పట్టుబట్టాను. పూటపూటకీ ప్రతి రేడియేటర్‌నూ తాకి చూసి, అక్క గోడకు తగిలించుకున్న తెలుగు క్యాలెండర్‌లో పగలంతా వేడిగా ఉన్న రోజుకు సున్నా చుట్టాను. నెలాఖరు దగ్గరపడేసరికి చూస్తే సున్నాలన్నీ సోమవారాలకే ఉన్నాయి. అక్కకు చూపించాను.

"కార్తీక సోమవారాలు గదా. ఉపాసం ఉంటున్న. శివుని దయ" అంది.

"శివుడికి బాయిలర్ సంగతులేం తెలుసక్కా?"

"ఎందుకు తెల్వదు? ఉండేదే మంచుకొండ మీద. చలంటే ఏందో ఆయనకు తెల్వదా?"

నవ్వాను గానీ ఉపవాసమన్న మాట నన్ను వదల్లేదు. ఉపవాసం రోజున ఈ ఇంట్లో జరగనిదేమిటి? అక్క చుక్కలు చూసేదాకా ఏమీ ముట్టదు. మేం బ్రెడ్డుతో సరిపెట్టుకుంటాం. ఆ రోజు అక్క అన్నం వండదు.

కిందికి పరుగెత్తాను. షెల్ఫ్ మీద కుక్కర్. దానికి సరిగ్గా జానెడు పైన, గోడకు గుండ్రటి థర్మోస్టాట్. గది చాలినంత వేడెక్కిందని అది అనుకోగానే బాయిలర్‌ను ఆపేస్తుంది. అన్ని పైపులూ తడిమిన నేను దాన్ని ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. కుక్కర్ ఆవిరి తిన్నగా వెళ్ళి దానికే తగులుతోంది. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది. అన్నం వెచ్చదనాన్ని ఇంటి వెచ్చదనం అనుకుని, పొద్దున్నించీ అది బాయిలర్‌ను నిద్రపుచ్చుతోంది!

కుక్కర్‌ను వంటింట్లోకి మార్చాను. కాసేపటికి బేస్‌మెంట్‌లో బాయిలర్ గుర్రుమంది. సాయంత్రానికి అక్క గది వెచ్చబడింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో మాత్రం ఆయనే పట్టించాడు.

అంకుల్‌కు చెప్పాలంటే భయం వేసింది. ఆయన చేత రెండుసార్లు ప్లంబర్‌ని పిలిపించింది మేమే మరి. దాచొద్దని అక్కే గట్టిగా చెప్పింది. ఆయన ఆ శనివారమే వచ్చి, మూలగదిలో రేడియేటర్ మీద రెండు చేతులూ పెట్టి చూశారు. తర్వాత కిందికొచ్చి గోడమీది థర్మోస్టాట్‌నూ దాని కింది షెల్ఫ్‌నూ మార్చిమార్చి చూశారు.

"ఆ షెల్ఫ్ నేనే కదమ్మా కొట్టించింది" అన్నారు చిన్నగా. "పని క్యాన్సిల్ చేసేస్తా. ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

ఖాళీ అయిన షెల్ఫ్ మీద దేవుడి పటం పెడతానంది అక్క. దీపం పెట్టనంటేనే సరేనన్నాను.

సూట్‌కేసులోంచి ఆమె బట్టలు తీస్తుంటే మడతలు పెడుతూ అడిగాను. "అక్కా, వాళ్ళిద్దరూ మధ్యాహ్నానికే తినేస్తారు కదా. ఇక పొద్దుపోయేదాకా కుక్కర్ ఆన్‌లో ఎందుకు?"

"నువ్వు లాస్ట్‌కొస్తవ్ గదా. చల్లన్నం తింటే కడుపు నొస్తదని మొదట్ల నువ్వే చెప్పినవ్."

చెప్పాను. దిగిన వారంలో ఎప్పుడో, గారాలుపోతూ అన్నమాట. నేనే మరచిపోయాను. ఆ మాట పట్టుకుని ఆమె నాకు అన్నం వేడిగా ఉంచింది, మంకీ క్యాప్ పెట్టుకుని వణికింది, ఉన్న గది పోగొట్టుకోబోయింది. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది.

కుక్కర్ వంటింట్లో ఉంది కనుక ఇక ఎంతసేపు ఆన్‌లో ఉన్నా ఇబ్బంది లేదు. అయినా ఆ పూట ప్లగ్ తీసేసి, అన్నం పూర్తిగా చల్లారాకే పెట్టుకుని తిన్నాను. కడుపునొప్పి రాలేదు.