బైబిలవ్వ పిడికెడు బియ్యం

పోయిన సోమవారం నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే, కోటగిరి వైపు నుంచి వచ్చే మొదటి బస్సు దిగి మా తమ్ముడు నిజామాబాద్‌లో మా ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు. "అక్కా, బైబిలవ్వ పోయింది. పొద్దుగూకకముందే మట్టి జేస్తరట" అన్నాడు. చేతిలోని టిఫిన్ గిన్నె అక్కడే పెట్టేసి వాడితో బయల్దేరాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు. పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఆమె పోయినందుకు దుఃఖం లేక కాదు, అంతకన్నా ముందు కోపం వచ్చింది. ఎందుకో చెబుతాను.

ఆమె మాకు చుట్టం కాదు, మా ఊళ్లో పక్కింటి మనిషి. మిషన్ వాళ్లు ఆమెకు చదువు నేర్పి, సంచిలో బైబిలు పెట్టి, ఊరూరా ఆడవాళ్లకు వాక్యం చెప్పిరమ్మన్నారు. అందుకే వాడంతా బైబిలవ్వ అని పిలిచేది. తెలుగువాళ్లంతా కలిసి కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజుల్లో నేను ఆమె కొంగు పట్టుకుని చందూరు దాకా కాలువ గట్టున నడిచిన పిల్లను. చెరుకు నరికే ఆడవాళ్ల దగ్గర కూర్చుంటే, ముందు వాళ్ల చేతుల మీద ఆకు కోసిన గాట్లకు నూనె రాసేది. ఆ తర్వాతే బైబిలు తెరిచేది. ఎందుకవ్వా అంటే, "చేతులు మండుతుంటే వాక్యం ఏం ఇనవడ్తది బిడ్డా" అనేది.

ఆమె భర్త చెరుకు బండి తోలేవాడు. బోధన్ ఫ్యాక్టరీకి పోతుంటే ఒకరోజు ఇరుసు విరిగి, నిండు బండి అతని మీద పడింది. శవం దగ్గర ఒక్కొక్కరే వచ్చి, "దేవుని చిత్తం, ఏం జేస్తం" అంటున్నారు. బండి ఆసామి కూడా వచ్చి అదే మాట అన్నాడు. అప్పటిదాకా తల వంచుకుని ఏడుస్తున్న అవ్వ లేచి నిలబడింది.

"పటేలా, ఇరుసు పగిలింది, మార్పియ్యమని నా పెనిమిటి నీ కాళ్లు మొక్కిండు. నువ్వు మార్పియ్యలే. గది నీ చిత్తం. దేవుని మీద ఎయ్యకు. ఆయన పెద్దోడు, ఊకుంటడని ఆయన మీదికి నూకుతున్నవా?"

ఆసామి మొహం మాడిపోయింది. ఆమె మళ్లీ కూలబడి, "ప్రభువా, నువ్వే దిక్కు" అని భోరుమంది. ఆ రెండు మాటలూ ఒకే నోట రావడం చూశాను కాబట్టే నాకు భక్తి అంటే ఏమిటో కొంచెం తెలిసింది. దేవుడు అన్నిటికీ పైవాడని ఆమె నమ్మినంతగా నమ్మినవాళ్లను నేను చూడలేదు. ఆ నమ్మకం చాటున ఎవరి తప్పునూ దాచనివ్వకపోవడం కూడా ఆమె దగ్గరే చూశాను.

ఇక అసలు సంగతి. మా క్రైస్తవ సంఘంలో పిడికెడు బియ్యం ఆచారం ఉంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం కడిగేముందు, ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేయాలి. అది దేవుని బియ్యం. ఆదివారం గుడికి తెచ్చి డ్రమ్ములో పోస్తారు, పంట పండుగకు వేలం వేస్తారు. ఆ డ్రమ్ము తాళంచెవి అవ్వ కొంగుకే ఉండేది. ఇంట్లో నూకలే ఉంటే నూకలు తీసేది గానీ పిడికెడు తీయడం మాత్రం ఎన్నడూ తప్పలేదు.

ఆ కరువు ఏడు మా వైపు వాళ్లెవరూ మరిచిపోరు. నిజాంసాగర్ అడుగంటింది. కాలువలో నీళ్లకు బదులు మేకలు తిరిగాయి. చెరుకు నిలువునా ఎండింది, కూలి అన్న మాటే లేదు. గుడిలో మా సంఘ పెద్ద లేచి, "దేవుడు సర్వాధికారి. ఓపిక పట్టుండ్రి, అంతా ఆయనే సూసుకుంటడు" అని ప్రతి ఆదివారం చెప్పేవాడు. పిల్లలు ఆకలికి చాపల మీదే నిద్రపోతుంటే, డ్రమ్ము మాత్రం నిండుగా మూలన ఉంది. ఆ ఏడు వేలం డబ్బుతో గుడికి కొత్త గంట కొనాలని పెద్దల తీర్మానం.

అవ్వ ఎవరినీ అడగలేదు. ఒక పొద్దున తాళం తీసి, గుడి ముందే మూడు రాళ్లు పెట్టి గంజి కాచింది. మా వాడవాళ్లు వచ్చారు, పక్క వాడ హిందువులు వచ్చారు, పని కోసం దేగ్లూరు వైపు నుంచి వచ్చి చిక్కుకుపోయిన మరాఠీ కూలీలు వచ్చారు. గిన్నె పట్టుకున్న ఎవరినీ ఏ కులమని అడగలేదు. చీకటితోనే లేచి మోకాళ్ల మీద వాన కోసం ప్రార్థించేది, తెల్లారగానే పొయ్యి ముట్టించేది. "ప్రార్థన చేస్తున్నవ్ గదవ్వా, మళ్ల గిదెందుకు?" అని నేను అడిగితే ఇంతెత్తున లేచింది. "వాన ఆయన చేతుల ఉన్నది. గరిటె నా చేతుల ఉన్నది. ఆయన చేతులది నేను గుంజుకుంటనా? నా చేతులది ఆయన మీదికి తోలుతనా?"

డ్రమ్ము అడుగు కనబడ్డాక సంఘ పెద్ద గుడిలో ఆమెను నిలబెట్టాడు. "దేవుని సొత్తు ముట్టినవ్. తప్పైందని అందరి ముంగట ఒప్పుకో. ఒప్పుకునేదాక ప్రభు బల్ల కాడికి రావొద్దు" అన్నాడు.

"ఏమని ఒప్పుకోవాలె? ఆకలైనోళ్లకు వెట్టిన, తప్పైంది ప్రభువా అనాల్నా? ఆయన నవ్వడా?" అంది అవ్వ.

ఆ గంజి తాగినవాళ్లే గుడి నిండా కూర్చుని ఉన్నారు. సంఘ పెద్ద కోడలు కూడా నిండు నెలలతో దొడ్డిదారిన వచ్చి తాగి వెళ్లింది. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు! ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. చెరుకు పండింది, గంట వచ్చింది. అవ్వ మీద పడిన మాట మాత్రం పోలేదు. పట్నం నుంచి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారాల్లో ఆమె గడప దగ్గర గోనె పరుచుకుని కూర్చునేది. నేను గింజుకుంటే నా చెయ్యి పట్టుకుని ఆపేది. "ఆయన రాజు బిడ్డా. రాజు ఇంట్ల యాడ గూసున్నా ఆయన ఇంట్లనే గూసున్నట్టు. గీళ్లు లెవ్వమంటే లేస్తనా?" చనిపోయేదాకా ఆమె కూర్చున్న చోటు ఆ గడపే.

నేను బస్సు దిగేసరికి ఆ గంటే మోగుతోంది. ఆమెను దొంగను చేసి కొన్న గంట ఆమె కోసం మోగుతుంటే చెవులు మూసుకోవాలనిపించింది. గుడి దగ్గరికి పోతే పాడెను గడప బయటే దించారు. లోపలికి తేవద్దని సంఘ పెద్ద చెప్పాడట. "సచ్చిన మనిషితోని గూడ పంచాయితేనా? సిగ్గు లేదా మీకు?" అని అరిచాను. అయ్యగారు ప్రార్థన పుస్తకం తెరిచారు. "రూలు ఉంటది గదమ్మా" అన్నాడు సంఘ పెద్ద. ఆమె ఇన్నేళ్లూ కూర్చున్న చోటే ప్రార్థన ముగించి, మట్టికి తీసుకుపోయాం.

తిరిగి వచ్చి ఆమె గుడిసెలోకి వెళితే పొయ్యి పక్కన చిన్న కుండ, దాని మీద మూకుడు. తీసి చూస్తే బియ్యం. బల్ల దగ్గరికి రానివ్వని గుడి కోసం, పోయే ముందు రోజు దాకా ఆమె పిడికెడు తీసి పెడుతూనే ఉంది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

సంఘ పెద్ద గుమ్మంలోంచి తొంగి చూసి, "గవి దేవుని బియ్యం, గుడికి చేరాలె" అన్నాడు.

"చేరుతయ్ పెద్దయ్యా, కూసో" అని పొయ్యి ముట్టించాను. పక్కనున్న మా పుట్టింటి నుంచీ ఇంత బియ్యం తెప్పించి కలిపాను. గుంత తవ్వినవాళ్లు, పాడె మోసినవాళ్లు కాళ్లు కడుక్కుని వాకిట్లో వరసగా కూర్చున్నారు. చావింట్లో తినకుండా లేచిపోతే వాడ ఒప్పుకోదు, ఆయనా వరస చివర కూర్చున్నాడు. వడ్డిస్తూ ఆయన దాకా వచ్చి ఆగాను. ఆ విస్తరి దాటి పోవాలని ఎంత అనిపించిందో ఆ దేవుడికే తెలుసు. గరిటె నా చేతిలో ఉంది. అందరికీ వేసినంతే వేశాను.

భోజనానికి ముందు ప్రార్థన చేయాల్సింది ఎప్పుడూ ఆయనే. అందరూ తలలు వంచారు. జీవితమంతా వల్లించిన మాటలే ఆయన మొదలుపెట్టాడు. "ప్రభువా, ఈ ఆహారమును దీవించుము. దీనిని సిద్ధపరచిన చేతులను..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగాడు. ఎవరూ తల ఎత్తలేదు, ఎవరూ మాట అందివ్వలేదు. ఆయన విస్తరిలో అన్నం పొగలు కక్కుతూనే ఉంది.