దోనె మీద మైకు

కరోనా తగ్గి బయటి రోగుల విభాగాలు మళ్లీ తెరుచుకున్న ఏడాది, ఏలూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ స్పీచ్ థెరపిస్టుగా చేరాను. పదవీ విరమణకు ముందు అదే నా చివరి ఉద్యోగం. పక్షవాతంతో మాట పోయినవారిని న్యూరాలజీ డాక్టరు నా దగ్గరకు పంపేవారు.

అలా వచ్చినవారే ఆకివీడు సత్యం గారు. వయసులో ఉండగా ఆయన టూరింగ్ టాకీసు ప్రచారకుడు, అంటే ఊరూరా డేరా వేసి ఆడే సినిమాకు. ఊళ్లలో రిక్షా మీద, కొల్లేటి లంకల్లో దోనె మీద తిరుగుతూ మైకులో సినిమా కబురు చెప్పేవారు. తర్వాత చేపల చెరువులు చేసినా, చుట్టుపక్కల అందరికీ ఆ గొంతే గుర్తు.

ఆయనకు వచ్చినది అఫేసియా. విషయం తెలుస్తుంది, ఎదుటివారి మాట అర్థమవుతుంది, చెప్పవలసిన మాట మాత్రం నోటికి అందదు. దీనికి మేం బొమ్మల కార్డులు చూపించి పేర్లు అడుగుతాం. రాకపోతే మొదటి అక్షరం అందిస్తాం. నా దగ్గరున్నవి విదేశీ కార్డులు. బ్రెడ్డు కాల్చే యంత్రం, మంచు మనిషి. సత్యం గారు వాటిని చూసి మొహం తిప్పుకునేవారు. కొన్నాళ్లకు ఆసుపత్రికి రావడానికే మొండికేశారు. "ఇంక తీసుకురాలేమండీ," అన్నారు ఆయన భార్య.

అప్పుడు ఆయన చెల్లెలు లలిత గారు కల్పించుకున్నారు. తాడేపల్లిగూడెంలో డ్రాయింగు టీచరు. అన్నయ్య పాత రోజులను ఇంట్లో దొరికే వస్తువులతోనే బల్ల మీద కట్టి, ఫోనుతో ఫొటోలు తీసి, ఆయన్ని బతిమాలి వెంటబెట్టుకొచ్చారు. నీలం చీర కొంగు కొల్లేరు. అరటి దొప్ప దోనె. నూనె గరాటు మైకు. అగ్గిపెట్టెల మీద ఆవిడే గీసిన మీసాల హీరోల పోస్టర్లు. కెమెరాను ఎంత కిందకు దించి తీశారో గానీ, గరాటని తెలిసి కూడా నేను మైకునే చూశాను.

సత్యం గారు ఆ ఫొటోను చాలాసేపు చూశారు. తర్వాత గరాటు మీద వేలు పెట్టి, "కాదు," అన్నారు. నా గదిలో ఆయన పలికిన మొదటి మాట అది. పెదవులు కూడదీసుకుని, "ఊరు... ఊరు వైపు," అన్నారు. దోనె ముందుకు పోతున్నా, మైకు మూతి గట్టున ఉన్న ఊరి వైపు తిరిగి ఉండాలట.

లలిత గారు నొచ్చుకున్నారు. "పొరపాటైందండీ. మార్చి తీసుకొస్తాను."

"మార్చకండి. ఇంకో నాలుగు తప్పులు చేసి తీసుకురండి," అన్నాను.

ఆవిడ అంతే శ్రద్ధగా తప్పులు చేశారు. డేరాలో మగవాళ్ల వైపు ఆడవాళ్ల బొమ్మలను కూర్చోబెట్టారు. తెరను నేలకు ఆనేలా కట్టారు. చివరికి సామాను పెట్టెతో సహా నా గదికే రాసాగారు. సత్యం గారు బొమ్మలను ఎడమ చేత్తో జరుపుతూ, "ఆడాళ్లు ఇటు," "తెర పైకి," అని దిద్దేవారు. అంతా సరిపోయాక చెల్లెలి వైపు చూసి, "ఇప్పుడు తియ్యి," అనేవారు. ఆవిడ తలవంచుకుని ఫోను సరిచేసుకునేవారు. ఆ క్షణంలో ఇద్దరినీ చూడడం నాకు ఇష్టంగా ఉండేది.

మైకులో చెప్పే ఆ ధార మళ్లీ రాలేదు. చిన్న చిన్న వాక్యాలు వచ్చాయి. కావలసింది అడగగలిగారు, నచ్చనిది వద్దనగలిగారు. వైద్యం ముగించే కాగితం మీద నేను సంతృప్తిగానే సంతకం చేశాను.

పేరు చెప్పమని అడిగితే రోగి పరీక్షకు కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు. తనకు బాగా తెలిసిన పనిలో తప్పు కనబడితే, దిద్దకుండా ఉండలేడు. అప్పటి నుంచి కొత్త రోగి వస్తే కార్డులు తీసేముందు, ఆయన ఏ పని చేసేవారో ఇంట్లోవాళ్లను అడిగేవాణ్ణి.