వెనక కుర్చీ

మా పెద్ద మేడమ్ అంత్యక్రియల సంగతి నేను మరచిపోయానని గన్‌ఫౌండ్రీలోని మా నర్సింగ్ కళాశాలలో చెప్పుకుంటున్నారట. అది నిజం కాదు. పోయిన బుధవారం ఆమె కన్నుమూశారన్న కబురు నాకు అందింది. చీర కట్టుకుని, తాళం చేతపట్టుకుని కూడా నేను వెళ్లలేదు. ఎందుకో నేనే చెప్పడం మర్యాద.

ఆమె నాకు గురువు. తరువాత ఆమె పక్కనే నేనూ పాఠాలు చెప్పాను, పరిశోధన చేశాను. డిమెన్షియా వచ్చిన వృద్ధులనూ, నేర్చుకోవడంలో ఇబ్బందులున్న వారినీ ఎలా చూసుకోవాలో నర్సులకు నేర్పడమే ఆమె జీవితం. ఆమె తరగతిలో ముందొక కుర్చీ, వెనకొక కుర్చీ ఉండేవి. ముందుది తరగతికి వచ్చిన అలాంటి మనిషికి, వెనకది వెంట వచ్చిన ఇంటివారికి. ఏ ప్రశ్నైనా ముందు కుర్చీకే వెళ్లాలి.

ఒకసారి గౌలిగూడ నుంచి ఒక తల్లి, మాట ఆలస్యంగా వచ్చే తన నడివయసు కొడుకును తీసుకువచ్చింది. మేడమ్ అతన్ని "చాయ్ తాగుతవా?" అని అడిగారు.

"వాడు పాలే తాగుతడమ్మా" అంది తల్లి.

"జర ఆగమ్మా, చాయ్ నీకు గాదు."

చాలాసేపటికి అతను, "చాయ్. బిస్కట్ గూడ" అన్నాడు.

"చూసినవా, బిస్కట్ సంగతి నీకే తెల్వదు" అన్నారు మేడమ్. ఆ తల్లి కూడా నవ్వింది.

మా పరిశోధనలో సగం, జవాబు కోసం అలా ఆగడమే. "మతి తప్పుతున్నదని ముందు ఆ మనిషికే చెప్పాలె. ఇంటోళ్లకు ముందు చెప్తే అది దొంగతనం" అనేవారు.

మొన్నటి ఎండాకాలం ఆబిడ్స్‌లో ఇద్దరం చాయ్‌కి కూర్చున్నాము. "షకర్ వేయాల్నా అమ్మా?" అని హోటలాయన నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, "ఆమెకు వద్దు" అన్నారు మేడమ్. ప్రేమ అనుకున్నాను.

ఆమె పోయిన ఉదయం నేను బయలుదేరుతుంటే, నాంపల్లిలోని మా ఇంటికి నా తమ్ముడి కూతురు వచ్చింది.

"ఒక్కదానివే పోకు అత్తమ్మా."

"ఎందుకే?"

"నీకు మతిమరుపు మొదలైందంట. ఎండకాలంలనే మేడమ్ మాకు చెప్పిన్రు. క్లాసుల చెప్పిన పాఠమే మళ్ల మొదటికెల్లి చెప్పినవంట. నీకు చెప్పొద్దన్నరు."

"నాకెందుకు చెప్పొద్దంట?"

"బాధపడతవని."

తాళం మేకుకు తగిలించి కూర్చున్నాను. ఇన్నేళ్లు ఆ కుర్చీల పక్కన ఆమెతో నిలబడ్డ నన్ను, వెనక కుర్చీలోనైనా ఆమె కూర్చోనివ్వలేదు. గది బయటే ఉంచారు. నా చదువు, నా వృత్తి, ఒంటరిగా తలెత్తుకు బతికే నా ధైర్యం ఆమె పెట్టినవే. అందుకే ఇది మింగుడు పడదు.

తరువాత దవాఖానకు ఒక్కదాన్నే వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. మేడమ్ అనుమానమే నిజం. పాఠాలు చెప్పడం మానుకున్నాను. సోమవారం నుంచి, కొత్త నర్సులు అడగడం నేర్చుకునేందుకు, ముందు కుర్చీలో నేనే కూర్చుంటానని కళాశాలకు చెప్పాను. తమ్ముడి కూతురు తోడు వస్తానంది. వెనక కుర్చీ తీసివేయించాను.